రెండు టన్నుల మాట

గొలుసు బిగుసుకుంది. చెక్క దుంగల మీద పడుకోబెట్టిన ఇనుప మోల్డు ఒక అంచున కదిలినట్టే కదిలింది. అంతలో పైనుంచి బజర్ మోగి, హాయిస్టు మోటారు ఆగిపోయింది.

“ఏమప్పా ఇది, కొత్తల్లుడు మాదిరి అలుగుతా ఉండాది!” అంటూ ఓబళప్ప చేతిలోని బటన్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ బజర్. మళ్ళీ మోటారు ఆగింది.

చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఫర్హానా నవ్వలేదు. పైన దూలానికి వేలాడుతున్న ఆ పసుపురంగు హాయిస్టును ఎంచింది ఆమే. ఎంత బరువెత్తాలి, ఎంత ఎత్తుకు ఎత్తాలి, దాన్ని మోసే ఇనుప దూలం ఎంత లావుండాలి, అన్నీ లెక్కగట్టి రాసిచ్చింది ఆమే. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే ఒంటిచేత్తో చేసిన మొదటి పని అది. ఇవాళ దాన్ని ఈ ఫ్యాక్టరీవాళ్ళకు అప్పజెప్పి, అందినట్టు సంతకం తీసుకుని వెళ్ళిపోవాలి. పొద్దున బెంగళూరు మారతహళ్ళిలో తన హాస్టల్ దగ్గర బస్సెక్కేటప్పుడు మధ్యాహ్నం భోజనానికల్లా తిరిగి వచ్చేస్తాననుకుంది.

ఎలక్ట్రానిక్ సిటీ దాటాక, లారీలు తప్ప మనుషులు నడవని ఒక వీధి చివర ఉంది ఆ ఫ్యాక్టరీ. టమాటాలు, పాల ప్యాకెట్లు పెట్టుకునే ప్లాస్టిక్ క్రేట్లు చేస్తారు. మోల్డు అంటే క్రేటుకు అచ్చు. రెండు పెద్ద ఇనుప చెక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని యంత్రంలో బిగిస్తే లోపలికి కాగిన ప్లాస్టిక్కు పోయి, క్రేటై బయటికొస్తుంది. క్రేటు రకం మారినప్పుడల్లా అచ్చు మార్చాలి. ఇన్నాళ్ళూ చైన్‌బ్లాకు అనే చేత్తో లాగే గొలుసుతో చెమటోడ్చి మార్చేవాళ్ళు. అందుకే ఈ కరెంటు హాయిస్టు.

ఫర్హానాది కదిరి. నాన్న ఫయాజ్‌కు అక్కడ పాత ఇనుప సామాన్ల అంగడి ఉంది. విరిగిన నాగళ్ళు, బోరు మోటార్ల డొక్కులు, లారీ పట్టీలు, ఏదొచ్చినా కాటా మీద పెట్టేముందు ‘ఎంతుంటాది చెప్పు’ అని కూతురిని అడిగేవాడు. మొదట్లో ఆ పిల్ల ఎప్పుడూ తక్కువే చెప్పేది. “ఇనుము కంటికి చిన్నగా కనపడతాది, చేతికి పెద్దగా తెలుస్తాది” అని నాన్న నవ్వేవాడు. అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివేనాటికి ఆమె చెప్పిన బరువుకూ కాటా చూపిన బరువుకూ పెద్ద తేడా ఉండేది కాదు.

తోటివాళ్ళంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరిపోయారు. ఆమె మాత్రం కాడుగోడిలో ఒక బేకరీ పైన మూడు గదుల్లో నడిచే చిన్న ఇంజనీరింగ్ సంస్థలో చేరింది. దాని యజమాని పద్మనాభం. ఫ్యాక్టరీలకు పంపులు, ఫ్యాన్లు, హాయిస్టులు, కంప్రెసర్లు ఏవి సరిపోతాయో ఎంచి, కొనిపించి, బిగించి ఇవ్వడం ఆయన పని. హాస్టల్ గదిలో పక్క మంచాల అమ్మాయిలు, “నువ్వు చేసేది షాపింగే కదే!” అని ఆటపట్టించేవాళ్ళు. అవునని ఫర్హానా కూడా నవ్వేది. కాకపోతే జాకెట్టు సరిపోకపోతే వెనక్కివ్వచ్చు, బ్రేకుల్లేని బండి కొన్నవాడికి ఆ అవకాశం ఉండదు అని మనసులో అనుకునేది.

ఇప్పుడు ఆమె చూపు బజర్ మీద లేదు, మోల్డు మీద ఉంది. మొన్న వచ్చినప్పుడు అది ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం లారీలో వస్తే, అద్దె క్రేన్‌తో గేటు దగ్గర దించి, ఇనుప పైపుల మీద దొర్లించుకుంటూ లోపలికి తెచ్చారట. సగానికి మడిచిన పరుపంత ఉంది. కానీ ఆ పరుపు మొత్తం ఉక్కు.

“బజర్ ఎందుకు కొడుతోంది మేడమ్? కొత్త మాలే కదా?” అని అడిగాడు వెంకటేశ్. ఆ ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ మేనేజరు. నలభై దాటిన మనిషి. పొద్దుటి నుంచి ఫోను చెవి దగ్గరనుంచి దించలేదు. రేపు ఉదయం క్రేట్లు కొనే పెద్ద కంపెనీ మనుషులు వస్తున్నారు. వాళ్ళు వచ్చేసరికి ఈ మోల్డు యంత్రంలో ఉండాలి, వాళ్ళ కళ్ళముందు మొదటి క్రేటు పడాలి.

“మోయాల్సినదానికన్నా బరువు ఎక్కువైతే దానంతటదే ఆగిపోతుంది సార్. అందుకోసం లోపల ఒక స్విచ్ ఉంటుంది. ఒక్క నిమిషం” అంది ఫర్హానా.

ఓబళప్ప పనిముట్ల పెట్టెలోంచి టేపు తీసుకుని మోల్డు పక్కన కూర్చుంది. పొడవు ఒక మీటరు. వెడల్పు దానికి కొంచెం తక్కువ. ఎత్తు తన మోకాలు దాటింది. ఒక ఘనమీటరు ఉక్కు దాదాపు ఎనిమిది టన్నులు. ఇది అందులో సగం దగ్గర దగ్గరగా ఉంది. లోపల క్రేటు ఆకారానికి, నీళ్ళు పారే దారులకు బోలుగా ఉన్నంత మేరా తీసేసి చూసింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే లెక్క వచ్చింది.

“సార్, ఇది రెండు టన్నులు కాదు. మూడున్నరకు తక్కువ ఉండదు.”

“అంత ఉండదులెండి. రెండు, రెండుంపావు.”

“ఎవరు చెప్పారు సార్?”

“మోల్డు చేసినవాళ్ళే. ఫోన్లో చెప్పారు. పేపర్లు రేపొస్తాయి.” వెంకటేశ్ ఆ మాట ఆమె ముఖం చూస్తూ చెప్పలేదు.

ఓబళప్ప మధ్యలో వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో బరువులెత్తే పనంతా అతని చేతిమీదుగానే జరుగుతుంది. తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన కుటుంబం, మాటల్లో కన్నడం దొర్లుతుంది. “సుమ్నే, ఊరికే భయపడొద్దు మేడమ్. మొన్న మీవాళ్ళే రెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలెత్తి చూపించినారు కదా. నేను ఈ చేతుల్తో టన్ను చైన్‌బ్లాకులో రెండు టన్నులెత్తినాను. పైన మూత తీసి ఆ స్విచ్ కొంచెం తిప్పితే ఆయ్తు, అయిపోయినట్టే, ఎత్తుతాది.”

“అది పరీక్ష ఓబళప్పన్నా. ఒక్కసారి, ఆ స్విచ్ తప్పించి, కొంచెం ఎత్తి, దగ్గర ఎవరూ లేకుండా చేసింది. పనికి కాదు.”

“ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఉంటుంది కదా మేడమ్?” అన్నాడు వెంకటేశ్. “మీరూ ఇంజనీరే, నేనూ ఇంజనీరే. గొలుసు తెగాలంటే దానికి ఎన్నింతల బరువు పడాలో ఇద్దరికీ తెలుసు.”

“గొలుసు తెగదు సార్. దూలం సంగతి? దూలాన్ని స్తంభాలకు పట్టుకున్న బోల్టుల సంగతి? అవి నేను రెండు టన్నులకే లెక్కగట్టాను.”

వెంకటేశ్ ఓబళప్పకు చేత్తో సైగ చేశాడు. ఓబళప్ప నిచ్చెన తెమ్మన్నాడు.

ఫర్హానా ఫోను తీసుకుని వరండాలోకి నడిచింది. నాలుగుసార్లు మోగాక పద్మనాభం ఎత్తాడు. ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు.

“వాళ్ళు మనల్ని అడిగింది ఎంతకు?” అన్నాడు.

“రెండు టన్నులకు సర్.”

“మనం ఇచ్చింది?”

“రెండు టన్నులే సర్.”

“అంతే కదమ్మా. మన పని అయిపోయింది. ఎక్కువ ఎత్తుకుంటే అది వాళ్ళ ఇష్టం. స్విచ్ మేమే మార్చుకున్నామని ఒక ముక్క రాయించుకో. హ్యాండోవర్ సంతకం తీసుకో. వచ్చెయ్.”

“సర్, మోల్డు కింద మనిషి ఉంటాడు...”

“ఫర్హానా.” ఆయన గొంతు పెరగలేదు గానీ గట్టిపడింది. “వాళ్ళు మనకు పాత క్లయింటు. అక్కడ సీన్ చెయ్యకు. నువ్వు రాసిచ్చిన దాంట్లో తప్పు లేదు. నీకెందుకు భయం?”

ఫోను పెట్టేశాక కూడా ఆమె అక్కడే నిలబడింది. ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మూడు నెలల కిందట వెంకటేశ్‌కు ఫోన్ చేసి ‘మోల్డు బరువెంత సార్’ అని అడిగింది. రెండు టన్నులన్నాడు. రాసుకుంది. రేపు ఇంకా పెద్ద మోల్డు ఏదైనా వస్తుందా అని అడగలేదు. ఉన్న పాత మోల్డును వెళ్ళి చూడలేదు. కాగితం మీద తప్పు లేదు నిజమే. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది తనే.

వెనక నిచ్చెన చప్పుడు వినపడి గబగబా లోపలికి వచ్చింది.

ఓబళప్ప నిచ్చెన మీద హాయిస్టు మూత విప్పుతున్నాడు. యంత్రం దగ్గర ఇంకో మనిషి కనిపించాడు. యంత్రం నడిపే మహేశ్. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చాడు. పొద్దున ఆమెకు టీ తెచ్చిచ్చి, ‘మీదీ మా పక్కే కదక్కా’ అని పలకరించింది అతనే. యంత్రంలో రెండు పెద్ద ఇనుప పలకల మధ్య మోల్డు కూర్చోవాలి. అది పైనుంచి దిగేటప్పుడు చేత్తో పక్కకు నెడుతూ సరిగ్గా కూర్చోబెట్టడానికి ఒకరు ఆ పలకల మధ్య నిలబడక తప్పదు. మహేశ్ అప్పటికే అందులోకి దిగి, నడుం దాకా ఇనుము మధ్య ఉండి, పైకి చూస్తున్నాడు. అతనికి అటూ ఇటూ జరిగే చోటు లేదు.

“తిప్పినాను సార్. ఇంక కొట్టదు” అని ఓబళప్ప నిచ్చెన దిగాడు.

వెంకటేశ్ ఫర్హానా వైపు తిరిగాడు. “మీ పేపరివ్వండి మేడమ్, సంతకం పెట్టేస్తాను. మీకెందుకు ఈ గొడవ? మేమే మార్చుకున్నామని కూడా రాసిస్తాను.”

కాగితం ఆమె చేతిలోనే ఉంది. ఇస్తే చాలు. ఆ సంతకం పడిన మరుక్షణం ఆ హాయిస్టు తనది కాదు, తన సంస్థది కాదు. గేటు దాటి వెళ్ళిపోవచ్చు. మారతహళ్ళి బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరుకుతుంది.

అప్పుడు తట్టిందామెకు. సంతకం పడేదాకా అది తమదే.

గోడకున్న హాయిస్టు కరెంటు ప్యానెల్ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ప్యానెల్ తలుపు మూసి తాళం వేసింది. హ్యాండోవర్ అయ్యాకే ఇవ్వాల్సిన రెండో తాళంచెవి ఇంకా ఆమె సంచిలోనే ఉంది. మొదటిదాన్ని కూడా అందులో వేసి, సంచి జిప్పు లాగింది. జిప్పు ఒకసారి చిక్కుకుంటే వెనక్కి లాగి మళ్ళీ మూసింది.

“ఏం చేస్తున్నారు?” వెంకటేశ్ గొంతు మారిపోయింది.

“ఇది ఇంకా మీకు అప్పజెప్పలేదు సార్. అప్పజెప్పేదాకా మా బాధ్యత. దీంతో ఈ మోల్డు ఎత్తనివ్వను.”

ఎవరో నవ్వబోయి ఆగారు.

“పేపరివ్వండి.”

“ఇవ్వను సార్.”

“మా ఫ్యాక్టరీలో నిలబడి నాకే చెప్తున్నారా? మీ బాస్‌తో మాట్లాడతాను.”

“మాట్లాడండి సార్.”

అతను అక్కడే ఫోన్ చేశాడు. అటువైపు మాటలు ఆమెకు వినపడలేదు గానీ ఇటు మాటలు షెడ్డంతా విన్నది. “చిన్నపిల్లను పంపారు సార్... తాళం వేసుకుని కూర్చుంది... రేపు కస్టమర్ వస్తాడు సార్, నా ఉద్యోగం పోతుంది... మీతో ఇన్నేళ్ళ నుంచి...” ఆ ఉద్యోగం పోతుందన్న మాట అనేటప్పుడు అతని మాట తడబడింది. అది నటన కాదని ఫర్హానాకు తెలిసింది. ఆ మనిషి మీద కోపం రాలేదు. అదీ ఒక బాధైంది.

అరనిమిషంలో ఆమె ఫోను మోగింది.

“తాళం ఇచ్చెయ్” అన్నాడు పద్మనాభం.

“సర్, మీరే ఒకసారి ఆలోచించండి. మూడున్నర టన్నులు. దూలానికి నేను వేసిన బోల్టులు...”

“నేను వాదన అడగలేదు. ఇస్తావా, లేదా రేపటి నుంచి ఆఫీసుకు రావా?”

ఇంటి దగ్గర అమ్మ ముఖం కళ్ళముందుకొచ్చింది. ఇంజనీరు ఉద్యోగమని వీధంతా చెప్పుకుంది అమ్మ.

“ఇవ్వలేను సర్” అంది. ఆయన ఫోను పెట్టేశాడు.

ఆమె మెల్లగా యంత్రం దగ్గరికి నడిచింది.

“మహేశ్, బయటికి రా” అంది.

మహేశ్ వెంకటేశ్ వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

“మీరు చెప్పేది నిజమేనా అక్కా? బరువు అంతుందా?”

“ఉంది. నా లెక్క తప్పయితే రేపు పేపరొచ్చాక నన్ను చూసి అందరూ నవ్వండి. కానీ ఇప్పుడు రా.”

“మోల్డు పైదాకా వచ్చి పడితే?”

ఆమె తలెత్తి దూలం బోల్టుల వైపు చూసింది. మహేశ్ కూడా అటే చూశాడు. పలక పట్టుకుని పైకి లేచి, యంత్రం మీంచి దూకి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ గోడ పక్కన నిలబడ్డాడు. “నేను దిగను సార్. కావాలంటే ఇంకెవర్నైనా పంపించండి” అన్నాడు నేల చూస్తూ.

వెంకటేశ్ ఓబళప్ప వైపు తిరిగాడు. ఓబళప్ప మెడ గోక్కున్నాడు. ఇందాకటి నవ్వు అతని ముఖంలో లేదు. మోల్డు చుట్టూ ఒక చుట్టు తిరిగి, బూటు కాలితో దాన్ని తన్నాడు. అది ఊరి రచ్చబండ మాదిరి కదల్లేదు.

“ఓబళప్పా, నువ్వు దిగు.”

“నాకు మోకాళ్ళ నొప్పి సార్” అన్నాడు ఓబళప్ప.

ఆ మాట అబద్ధమని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వెంకటేశ్‌కూ తెలుసు. అతను పక్కనున్న ప్లాస్టిక్ బస్తా మీద కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. “రెండు టన్నులన్నప్పుడు మోల్డు చిన్నదే” అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. “కస్టమర్ తర్వాత పెద్ద క్రేటు కావాలన్నాడు. అప్పటికి హాయిస్టు ఆర్డరైపోయింది. మళ్ళీ పెద్దది కావాలని పైవాళ్ళ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని పోను? ఎలాగో ఎత్తుతుందిలే అనుకున్నా.”

ఫర్హానా అతని ఎదురుగా ఇంకో బస్తా మీద కూర్చుంది. నిలబడి మాట్లాడితే అతను వినడనిపించింది.

“సార్, మోల్డు రెండు చెక్కలే కదా. విప్పి, ఒక్కో చెక్కా విడివిడిగా ఎక్కిస్తే? ఒక్కోటి రెండు టన్నుల లోపే వస్తుంది. హాయిస్టుకు అది సరిగ్గా దాని పనే.”

“యంత్రంలో ఉండగా రెండు చెక్కలు కలిపేకి తలప్రాణం తోకకొస్తాది మేడమ్” అన్నాడు ఓబళప్ప. “ఈ పక్క పిన్నులు ఆ పక్క రంధ్రాల్లో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాల. గీసుకుపోతే మోల్డే పాడు.”

“ఎప్పుడూ చేయలేదా అన్నా?”

“చేసినాము. పాత కంపెనీలో. పొద్దంతా పట్టింది.”

“ఇప్పుడు పదకొండు. చీకటి పడేలోపు చేద్దాం. స్విచ్ మళ్ళీ మొదటున్నట్టే పెట్టాలి. అది బజర్ కొడితే ఆపేద్దాం. కొట్టకపోతే ఎత్తుదాం.” ఆమె వెంకటేశ్‌ను చూసింది. “నేను కూడా ఉంటాను సార్. ఎక్కించేదాకా పోను.”

వెంకటేశ్ మోల్డు వైపు చూశాడు. ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. “కానివ్వండి” అన్నాడు.

తర్వాత గంటలన్నీ ఇనుముతోనే గడిచాయి. ఓబళప్ప నిచ్చెనెక్కి స్విచ్ తిరిగి పాత గుర్తు దగ్గరికి తిప్పాడు. ఫర్హానా కింద నుంచి రెండుసార్లు అడిగి, నమ్మకం కుదరక తనూ ఎక్కి చూసింది. రెండు చెక్కలను కట్టి ఉంచిన పట్టీల బోల్టులు విప్పడానికే మధ్యాహ్నం దాటింది. ఒక బోల్టు తిరగక మహేశ్, ఇంకో మనిషి కలిసి పొడుగు పైపు తగిలించి లాగారు. భోజనానికి ఎవరూ వెళ్ళలేదు. అందరూ ఏదో ఒకటి నమిలారు గానీ ఏం తిన్నారో ఎవరికీ గుర్తులేదు.

పై చెక్కకు కొక్కేలు తగిలించాక ఫర్హానా ప్యానెల్ తాళం తీసింది. “అందరూ పసుపు గీత అవతలికి” అంది. ఈసారి ఎవరూ వాదించలేదు. వెంకటేశ్ కూడా వెనక్కి జరిగాడు.

ఓబళప్ప బటన్ నొక్కాడు. గొలుసు బిగుసుకుంది. ఆమె కళ్ళు హాయిస్టు మీద, చెవులు బజర్ మీద. ఇప్పుడు అది మోగితే తన లెక్క తప్పు. మోగితే ఈ మనుషులందరి ముందు, ఉద్యోగం పోగొట్టుకుని మరీ, పొద్దుటి నుంచి వాళ్ళ సమయం పాడుచేసిన పిల్లగా మిగులుతుంది. మోటారు మూలిగింది.

మూలుగు ఆగలేదు. చెక్క పిన్నుల మీంచి మెల్లగా జారి పైకొచ్చింది. కింద తెల్లటి మెరుపుతో క్రేటు ఆకారం బయటపడింది. బజర్ మోగలేదు.

“ఆడ పెట్టు, ఆడ పెట్టు” అని ఎవరో అరిచారు. ఎవరూ కదలకముందే ఫర్హానా పైకి చూసింది. దూలం వంగకుండా తిన్నగానే ఉంది. స్తంభాలకున్న బోల్టుల దగ్గర ఏ చప్పుడూ లేదు.

రెండో చెక్కకు ఇంకా ఎక్కువసేపు పట్టింది. యంత్రంలో మొదటి చెక్క బిగించాక, రెండోదాన్ని దించి, రెండింటినీ కలపడం ఓబళప్ప చెప్పినంత కష్టమే అయింది. మొదటిసారి పిన్నులు అందలేదు. రెండోసారి ఒక పక్క అంది ఇంకో పక్క అందలేదు. మహేశ్ టార్చి పట్టుకుని లోపలికి తొంగిచూస్తూ “కొంచెం ఎడమకి, ఇంకొంచెం, సాకు సాకు, చాలు” అంటుంటే, ఓబళప్ప బటన్‌ను తడిమినట్టు నొక్కి వదిలేవాడు. బయట వీధిదీపాలు వెలిగేవేళకు రెండు చెక్కలూ ఒక మెత్తని చప్పుడుతో కలిశాయి.

ఓబళప్ప నేల మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. “నా మోకాళ్ళు నిజంగానే పట్టుకున్నాయప్పా ఇప్పుడు” అన్నాడు. ఆ పొద్దున్నుంచీ మొదటిసారి వెంకటేశ్ నవ్వాడు. అతను కాగితం మీద సంతకం పెట్టాడు. ‘రెండు టన్నులకు మించి ఎత్తరాదు’ అని ఫర్హానా రాసిన వాక్యం కింద ఇంకో సంతకం పెట్టాడు. కానీ వెళ్ళేటప్పుడు ఆమె వైపు చూడలేదు, థాంక్స్ చెప్పలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాలో లేదో తెలియక, మారతహళ్ళిలో బస్టాపులో మూడు బస్సులు వదిలేసి, నాలుగోది ఎక్కింది. పద్మనాభం తన గదిలోంచి పిలవలేదు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ నుంచి మోల్డు పేపర్ ఈమెయిల్‌లో వచ్చింది. మూడు టన్నుల ఆరువందల కిలోలు. ఆ తర్వాతే పిలిచాడు.

“వెంకటేశ్ పొద్దున మాట్లాడాడు. వాళ్ళ క్రేటు పాసైందట” అన్నాడు. “తర్వాతి పని మాత్రం మనకివ్వడు. వేరేవాళ్ళకు ఇస్తున్నాడు. మొహమ్మీదే చెప్పాడు.”

ఫర్హానా తలదించుకుంది.

“కూర్చో. ఆ దూలం లెక్క తీసుకురా.”

ఇద్దరూ కలిసి మళ్ళీ లెక్క వేశారు. ఈసారి రెండు టన్నుల చోట మూడు టన్నుల ఆరువందలు పెట్టి. దూలం వంగుతుంది గానీ విరగదు. గొలుసు నిలబడుతుంది. బోల్టుల దగ్గరికి వచ్చేసరికి పద్మనాభం పెన్ను ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఒకసారికి నిలబడేవేమో. మోల్డు ఊగకుండా, ఎవరూ జెర్క్ ఇవ్వకుండా ఎత్తితే నిలబడేవేమో. వారానికోసారి మోల్డు మారుస్తుంటే ఎన్నోసారికి జారేవో ఏ లెక్కా చెప్పదు.

“ఆ బోల్టులు నిలబడినా నిలబడేవి” అన్నాడు ఆయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. “అలా అయితే నువ్వు ఊరికే గొడవ చేసినట్టే అయ్యేది.”

“అవును సర్.”

ఆయన లెక్క కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. కింద బేకరీ నుంచి వేడి బన్నుల వాసన వస్తోంది. తర్వాత, నిన్న ఫోన్లో అన్న మాట గురించి చెప్పకుండానే, “టీ తాగుతావా?” అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఆమెకు సైటు పనులు ఇవ్వలేదు. పాత కేటలాగులు సర్దడం, ధరలు కనుక్కోవడం ఇచ్చాడు. దాన్ని శిక్ష అనుకోవాలా, కాపాడటం అనుకోవాలా ఆమెకు తెలియలేదు. కొన్ని రాత్రులు బోల్టులు కలలోకి వచ్చేవి. జారినట్టు కాదు, నిలబడినట్టే వచ్చేవి. అందరూ ఆమెను చూసి నవ్వుతున్నట్టు వచ్చేవి. జరగనిదాన్ని ఆపామని ఎవరికి చూపించగలం? పక్క మంచం అమ్మాయికి ఒకసారి చెప్పాలని మొదలుపెట్టి, మధ్యలో వదిలేసింది.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

“మేడమ్, నేను ఓబళప్పను. నంబరు మహేశ్ ఇచ్చినాడు.”

“అన్నా! ఎలా ఉన్నారు?”

“బాగుండాను. ఊరికే చేసినాను. ఐదు టన్నులది కొత్త హాయిస్టు వచ్చినాది, వేరే కంపెనోళ్ళు పెట్టినారు. మీ దూలం పీకేసినారు. కొత్త దూలం లావుగా ఉండాది.”

“మంచిదన్నా” అంది ఆమె. మంచిదే అనుకుంది. తను ఒంటిచేత్తో ఎంచిన మొదటి దూలం ఏ పాత ఇనుము అంగట్లో పడి ఉందో అని గుండెలో ఏదో చిన్నగా కలుక్కుమంది కూడా.

“పీకేటప్పుడు నేనే బోల్టులు విప్పినాను మేడమ్. ఒక్కటీ సాగలేదు, కొత్తవి మాదిరే ఉండాయి.” మళ్ళీ తనే అందుకున్నాడు. “అన్నీ చూసినాను, ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని.”

ఫర్హానా కుర్చీలో వెనక్కి వాలింది.

“మహేశ్ ఎలా ఉన్నాడన్నా?”

“వాడికేమి మేడమ్, వాడికి పెండ్లి కుదిరింది. కళ్యాణదుర్గంలోనే. మీకు పత్రిక పంపిస్తాడంట. రావాల మీరు.”

వస్తానని చెప్పి ఫోను పెట్టేసింది. పద్మనాభం తన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. హొసకోటలో ఒక రంగుల ఫ్యాక్టరీకి పంపు కావాలట, ఈ మధ్యాహ్నమే ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలట. ఆమె గొడుగు తీసుకుని లేచింది.